పాలు పొంగించాక, సామాను దిగకముందు: కొత్త ఇంట్లో మొదట చేయాల్సిన పనులు

ఇల్లు మారుతున్నామంటే మనవాళ్లకు ముందు ముహూర్తం గుర్తొస్తుంది, తర్వాత టాటా ఏస్ బండి గుర్తొస్తుంది. ఈ రెంటికీ మధ్యలో చేయాల్సిన పనులు మాత్రం సామాను దిగిన రాత్రి, చీకట్లో, టార్చి ఏ అట్టపెట్టెలో పెట్టామో తెలియనప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తాయి. గుంటూరులో మూడు ఇళ్లు, విజయవాడలో నాలుగు ఇళ్లు మారాను, అన్నీ అద్దెవే. ఏడుసార్లలో మొదటి నాలుగుసార్లు తప్పులే చేశాను కాబట్టి నా మాట కాస్త నమ్మొచ్చు.

ముందుగా ఒక్కటి చేయండి. పాలు పొంగించే రోజుకీ సామాను దింపే రోజుకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. ఆషాఢం వచ్చేస్తోందనో మూఢం వచ్చేస్తోందనో ముందే పాలు పొంగించేసి, సామాను తర్వాత తెచ్చుకోవడం మన దగ్గర మామూలే కదా, దాన్నే వాడుకోమంటున్నాను. రెండు రోజుల అద్దె దండగ అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, అననివ్వండి. ఖాళీ ఇంట్లో గంటలో తేలిపోయే లోపం, సామాను సర్దాక తెలుసుకోవాలంటే ఆదివారమంతా పోతుంది.

పాల గిన్నెతో పాటు ఒక సంచి

పాలు పొంగించడానికి వెళ్లేటప్పుడు దేవుడి పటం, పసుపు, కుంకుమ, ఉప్పు, పప్పు ఎవరూ మర్చిపోరు, అమ్మ మర్చిపోనివ్వదు. వాటితో పాటు ఇంకో సంచిలో ఇవి వేసుకోండి: టెస్టరు, స్క్రూడ్రైవరు, రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జరు, బకెట్టు, మగ్గు, తెల్లకాగితం, పెన్ను, కొలత టేపు, కొత్త చీపురు. పాత ఇంటి చీపురు కొత్తింటికి తేకూడదంటారు, ఆ నమ్మకం సంగతి పక్కన పెట్టినా పాత చీపురుతో పాటు పాత ఇంటి దుమ్ము కూడా వస్తుంది కాబట్టి నేనూ తేను.

పాలు పొంగి, అందరూ తలా గుక్కెడు తాగి, ఫోటోలు దిగి బయల్దేరుతుంటే మీరు మాత్రం ఉండిపోండి. అసలు పని ఇప్పుడు మొదలు.

నీళ్లు: దీని మీదే ఎక్కువ టైము పెట్టండి

ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ ఒకేసారి తిప్పండి. అన్నీ అంటే అన్నీ, బాల్కనీలో వాషింగ్ మెషిన్ దగ్గరిది కూడా. ఒకటి తిప్పగానే ఇంకోటి సన్నబడిపోతే పైపులో తుక్కో, ట్యాంకు ఎత్తు చాలకపోవడమో ఉంటుంది. ఓనరుతో చెప్పాల్సిన మాట ఈ రోజే చెప్పాలి, నెల తర్వాత చెప్తే 'ముందు బాగానే ఉండేదే' అంటారు.

తర్వాత బాత్రూంలో నిండు బకెట్టు నీళ్లు తలుపు దగ్గర నిలబడి కుమ్మరించండి. నీళ్లు జాలీ వైపు పోతున్నాయా, గుమ్మం వైపు వస్తున్నాయా చూడండి. గుమ్మం వైపు వస్తే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీ చేతిలో వైపరు ఉంటుంది. జాలీలో నీళ్లు బుడబుడమని ఆగి ఆగి దిగుతుంటే బయట మురుగు చాంబర్ పూడిపోయి ఉండొచ్చు. ఆ చాంబర్ మూత ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి, దాని మీద మీ బండి స్టాండు వేసేసుకుంటే తర్వాత కష్టం.

ఇక నీళ్లు ఎక్కడివి అనే ప్రశ్న. విజయవాడ అయినా గుంటూరు అయినా మునిసిపల్ కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్లే, కానీ చాలా అపార్టుమెంట్లలో సంపులోకి బోరు నీళ్లు కూడా కలుపుతారు. కనిపెట్టడం పెద్ద విద్యేం కాదు. చేతికి సబ్బు రాయండి, నురగ రాకుండా జిడ్డుగా తేలితే బోరు. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొలుసు కట్టి ఉంటే బోరు. పాత గీజరు ఉంటే దాని లోపలి కాయిల్ పరిస్థితి ఊహించుకోవచ్చు. మున్సిపల్ నీళ్లు ఏ టైముకి వస్తాయో, ఎంతసేపు వస్తాయో పక్కింటివాళ్లనే అడగండి, ఓనరును అడిగితే 'ఇరవై నాలుగ్గంటలూ నీళ్లేనండి' అంటారు, ఆయన చెప్పేది ట్యాంకు సంగతి.

తాగే నీళ్ల దగ్గర మొహమాటం వద్దు. 2018 మార్చిలో గుంటూరులో ఆనందపేట ప్రాంతంలో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారంతో మనుషులు చనిపోయారు. అప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను, నెల రోజులు కాచిన నీళ్లే తాగాం. అప్పటినుంచి కొత్త ఇంట్లో మొదటి బిందె పట్టగానే గాజు గ్లాసులో పోసి కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూడటం అలవాటైంది. రంగు, వాసన, అడుగున మడ్డి, ఏదున్నా తాగకండి. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు, అది వేరే సంగతి, కాబట్టి ఫిల్టరు పెట్టించేదాకా కాచుకోండి. పైకెక్కే వీలుంటే ట్యాంకు మూత తీసి చూడండి. మా మూడో ఇంట్లో మూతే లేదు, పావురాల ఈకలు తేలుతున్నాయి.

మోటారు స్విచ్చి ఎక్కడుంది? ఇది అడగడం మర్చిపోయే నేను విజయవాడ సత్యనారాయణపురంలో మొదటి రాత్రి సబ్బు రాసుకుని నిలబడిపోయాను. ట్యాంకు ఖాళీ. మోటారు స్విచ్చి కింద వాటా వాళ్ల వరండా గ్రిల్లు లోపల. వాళ్లు ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లారు. పక్కింటి పిన్నిగారు గోడ మీద నుంచి రెండు బకెట్లు అందించారు, 'చేరిన రోజే నీళ్లు అడిగావు, బాగా కలిసిపోతావులే బాబూ' అని నవ్వారు. కాబట్టి మోటారు స్విచ్చి, సంపు మూత, మీ వాటాకి వచ్చే పైపు మీది గేట్ వాల్వు, ఈ మూడూ ఎక్కడున్నాయో చూసి వాల్వు ఒకసారి మూసి తెరవండి. కుళాయి ఊడి నీళ్లు పైకి చిమ్ముతున్నప్పుడు వాల్వు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ

నిజానికి ఇది అడ్వాన్సు ఇవ్వకముందే చేయాలి. ఇచ్చేసి ఉంటే కనీసం ఇప్పుడు చేయండి. ప్రహరీ గోడ మీద, మీటరు బాక్సు కింద, పక్క కిరాణా కొట్టు షట్టరు మీద అడ్డంగా మట్టి చార ఉందేమో చూడండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో వాన కుమ్మేసి బుడమేరు వాగు కట్టలు తెగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ప్రాంతాల్లో ఉండొద్దని కాదు, లక్షల మంది ఉంటున్నారు, మా చెల్లెలు వాళ్లూ అక్కడే ఉన్నారు. కానీ కింది వాటాలో దిగుతుంటే నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కొట్టు ఆయన్ని అడిగి, ఆ ఎత్తు మీ ఇంట్లో గోడ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలి, ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కడ పెట్టాలి, సర్టిఫికెట్లు బీరువాలో ఏ అరలో ఉండాలి అన్నీ ఆ గీతే చెప్తుంది. మా చెల్లెలు ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌లు, పొలం కాగితాలు కింది అరలో ఉండేవి. ఇప్పుడు అటక మీద ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి.

మొగల్రాజపురం, గుణదల వైపు కొండ పక్కన ఇల్లయితే వెనక గోడకీ కొండకీ మధ్య ఎంత జాగా ఉందో, వాన నీళ్లు పోయే దారి ఉందో లేదో చూడండి. ఆ ఆగస్టు 31నే మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి.

కరెంటు

మెయిన్ బాక్సు తెరిచి ఒక్కొక్క ఎంసీబీ స్విచ్చినీ కిందికి దించి ఏ గది ఆరిపోయిందో చూసి, తెల్లకాగితం ముక్క మీద 'వంటిల్లు', 'ముందు గది ఏసీ' అని రాసి పక్కనే అతికించండి. పది నిమిషాల పని. అందులో చిన్న టెస్ట్ బటన్ ఉన్న స్విచ్ ఒకటి ఉంటే, షాకు కొట్టకుండా కాపాడేది అదే, ఆ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించండి. అసలు లేకపోతే ఓనరుని అడగండి, పెట్టించనంటే మీ డబ్బులతోనైనా పెట్టించుకోండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ బాక్సుకి ఎదురుగా ఏదీ పెట్టకండి. మేము పెట్టాం. బీరువాకి సరిగ్గా సరిపోయే గోడ అదొక్కటే కనిపించింది, బాక్సు దాని వెనక్కి పోయినా ఎవరం పట్టించుకోలేదు. మే నెల, రాత్రి పదకొండు, ఇస్త్రీపెట్టె పెట్టగానే ఫట్‌మని ఇల్లంతా ఆరిపోయింది. బీరువాలో పట్టుచీరలు, మా ఆవిడ పుస్తకాలు, నిండుగా ఉంది. ఖాళీ చేయకుండా జరగదు. ఫోను టార్చి నోట కరుచుకుని నేను, మా బావమరిది అర్ధరాత్రి దాకా చీరలు మంచం మీదకి మోశాం. స్విచ్చి పైకి నెట్టడానికి పట్టింది మాత్రం ఒక్క క్షణమే.

ప్రతి ప్లగ్గులోనూ ఫోన్ చార్జరు పెట్టి చూడండి. ఏసీ పాయింటుకి విడిగా వైరు వచ్చిందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత బిల్లు ఒకటి అడిగి తీసుకోండి, దాని మీద సర్వీస్ నంబరు, ఎంత లోడుకి కనెక్షన్ తీసుకున్నారో రెండూ ఉంటాయి. ఒక్క కిలోవాట్ లోడు ఉన్న ఇంట్లో రెండు ఏసీలు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ సర్వీస్ నంబరుతో ఆన్‌లైన్‌లో చూస్తే వెనకటి బాకీ కనిపిస్తుంది, ఉంటే మీరు చేరకముందే కట్టించండి. మీటరు రీడింగు తేదీతో సహా ఫోటో తీసుకోండి. కరెంటు పోతే చేయాల్సిన నంబరు 1912, ఫోనులో వేసుకోండి.

గ్యాస్

పాలు పొంగించిన స్టవ్ మీదే ఇది చూసేయండి. ట్యూబు మీద తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చేయాలి, మెత్తగానే ఉంది కదా అనుకోవద్దు. సిలిండరు పైన పట్టీ మీద 'బి-27' లాంటి గుర్తు ఉంటుంది. అంటే 2027 ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని పరీక్షకి పంపాలని. ఏ అంటే జనవరి-మార్చి, సి అంటే జూలై-సెప్టెంబరు, డి అంటే చివరి మూడు నెలలు. తేదీ దాటినది తెచ్చిస్తే వెనక్కిచ్చేయండి. రెగ్యులేటరు బిగించాక అతుకుల దగ్గర సబ్బు నురగ రాయండి, బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లని వంటింట్లోకి రానివ్వకండి. గ్యాస్ గాలికన్నా బరువు, కిందికే చేరుతుంది, కాబట్టి వాసన వస్తే స్విచ్చిలు ముట్టకుండా రెగ్యులేటరు కట్టేసి తలుపులు బార్లా తీయడమే. లీకులకి 1906.

ఊరు మారుతుంటే సిలిండరు బండిలో వేసుకొచ్చేముందు పాత ఏజెన్సీతో మాట్లాడండి, దాన్ని అక్కడే అప్పజెప్పి కాగితం తెచ్చుకోమనొచ్చు.

తాళాలు, ఫోటోలు

వీధి తలుపు తాళం చెవి మీకు ఒకటి ఇచ్చారు సరే, పాత అద్దెవాళ్ల దగ్గర, పెయింటరు దగ్గర, బ్రోకరు దగ్గర ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? ఓనరుకి చెప్పి తాళం మార్చేయండి. పాతది దాచిపెట్టి ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి వెళ్లండి. పనిలో పనిగా బాత్రూం గడియలు లోపల నుంచి వేసి తీసి చూడండి, చిన్నపిల్లలుంటే పై గడియ ఒక్కటే పనిచేసేలా చేసుకోండి.

ఫోనులో వీడియో పెట్టి వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టి ఇల్లంతా నెమ్మదిగా తిరగండి. పగిలిన టైలు, మేకుల చిల్లులు, చెమ్మ మరక, గీత పడ్డ వాష్‌బేసిన్, అన్నీ. ఆ సాయంత్రమే ఓనరుకి వాట్సాప్‌లో పంపేయండి, 'రికార్డు కోసమండీ' అని ఒక మాట రాసి. గుంటూరులో ఒక ఇంట్లో ఖాళీ చేసేటప్పుడు, మేము చేరకముందు నుంచీ ఉన్న చెమ్మ మరకకి మా అడ్వాన్సులోంచి నెల అద్దె కోసేశారు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయడం మామూలే. అందులో పెయింటు ఎవరు వేయించాలి, మెయింటెనెన్సు ఎవరిది అనే రెండు ముక్కలు మాత్రం విడిగా రాయించుకోండి.

సొంత ఇల్లయితే ఇవన్నీ చేస్తూనే ఇంటిపన్ను, కరెంటు మీటరు మీ పేరుకి మార్పించడం మొదలుపెట్టండి, వాయిదా వేస్తే ఏళ్లు గడిచిపోతాయి.

పురుగుల మందు, చెదలు, దోమలు

వంటగట్టు కింద అరలన్నీ ఖాళీగా ఉన్నప్పుడే బొద్దింకల మందు కొట్టించాలి, గిన్నెలు సర్దాక కుదరదు. ద్వారబంధాన్ని వేలితో తట్టుకుంటూ రండి, ఎక్కడైనా డొల్లగా మోగితే చెదలు. సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట ఆ ఇంట్లో కూర్చోండి, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, వీటిలో దేనికి దగ్గరున్నా దోమల సంగతి మీకే తెలుస్తుంది. మెష్ తలుపులు వేసే అతన్ని మర్నాడే పిలవండి, కొలతలు తీసుకుని పెట్టేసరికి వారం పడుతుంది.

సామాను దింపే రోజు

ఎండాకాలమైతే తెల్లవారుజామునే పెట్టుకోండి, బెజవాడ ఎండలో పదకొండు తర్వాత మోసేవాళ్లని చూస్తే పాపం అనిపిస్తుంది. ముఠా కూలీలతో బేరం ఆడేటప్పుడు ఎన్నో అంతస్తు, లిఫ్టులో బీరువా పడుతుందా లేదా, బండి గుమ్మం దాకా వస్తుందా అన్నీ ముందే చెప్పండి. వన్‌టౌన్‌లో కొండ మీద ఇల్లయితే మెట్లు ఎన్నో లెక్కపెట్టి మరీ చెప్పండి, సగంలో ఆగి 'ఏంటన్నా ఇది' అంటే మీరేం చేయలేరు. కొలత టేపు ఎందుకు తెమ్మన్నానంటే, గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, మీ డబుల్‌కాట్, ఈ మూడూ ఈపాటికి కొలిచి ఉండాలి.

మంచాలు ముందు లోపలికి వెళ్లాలి, అట్టపెట్టెలు తర్వాత. ప్రతి పెట్టె మీదా ఏ గదికో రాయండి, లోపల ఏముందో రాయకపోయినా పర్లేదు. ఒక పెట్టె మాత్రం మీ చేతుల్లోనే రావాలి: మందులు, చార్జర్లు, రెండు జతల బట్టలు, దుప్పట్లు, కత్తి, కంచాలు, టార్చి, ఎక్స్‌టెన్షన్ బాక్సు, పిల్లల స్కూలు పుస్తకాలు. ఆ రాత్రి వంట పెట్టుకోకండి. పెరుగన్నం కలిపి తెచ్చుకోండి, లేదా ఇడ్లీ పార్సిల్.

మర్నాడు పొద్దున పక్కవాళ్లని మూడు అడగండి: చెత్త బండి ఎన్నింటికి వస్తుంది, పాలు ఎవరు వేస్తారు, ప్లంబరు నంబరు ఉందా. దాంతో పరిచయం కూడా అయిపోతుంది, విడిగా వెళ్లి నవ్వక్కర్లేదు. అడ్రసు చెప్పడం కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోండి. గుంటూరు బ్రాడీపేటలో అయితే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండు అంకెలు చెప్తే చాలు, డెలివరీ అబ్బాయి కళ్లు మూసుకుని వస్తాడు. విజయవాడలో దగ్గర్లో ఉన్న సెంటర్ పేరు, గుడో టిఫిన్ కొట్టో చెప్పకపోతే డోర్ నంబరు ఎంత స్పష్టంగా ఉన్నా మూడుసార్లు ఫోను వస్తుంది.

ఆధార్‌లో అడ్రసు, బ్యాంకులో అడ్రసు ఆ నెలలోనే మార్చుకోండి. ఓటుకి ఫారం 8.

పాత ఇంటికి ఒకసారి మళ్లీ

తాళం ఇచ్చేముందు మీటరు రీడింగు ఫోటో తీసుకోండి, తలుపుల వెనక, ఫ్యాను మీద, ముఖ్యంగా అటక మీద చూడండి. కిందనుంచి చూడ్డం కాదు, స్టూలు వేసుకుని ఎక్కి చూడండి. కొత్తగా చేరేవాళ్లకి మీ ఫోను నంబరు ఇవ్వండి, కొన్నాళ్లు మీ కొరియర్లు అక్కడికే వస్తాయి. గుంటూరు నుంచి వచ్చేసినప్పుడు నేను కిందనుంచే చూశాను, అటక మూలన ఆవకాయ జాడీ ఉండిపోయింది. మూడు నెలల తర్వాత మా ఆవిడకి గుర్తొచ్చి ఫోన్ చేస్తే, 'ఉందండీ, జాగ్రత్తగానే పెట్టాం' అన్నారు ఆ కొత్తగా చేరినవాళ్లు. వెళ్లి తెచ్చుకున్నాం. జాడీ జాగ్రత్తగానే ఉంది, ఆవకాయ సగానికి వచ్చింది.